లో, లోంచి, లోకి

ఆ ఆసుపత్రిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్ద డాక్టరు నుంచి క్యాంటీనులో టీ పోసే మనిషి దాకా అందరికీ అతను బండాయనే. రోగుల్ని పడుకోబెట్టి తోసుకెళ్ళే చక్రాల బండి ఇరవై ఆరేళ్ళుగా అతని చేతిలో ఉంది. వార్డులోంచి ఎక్స్‌రే గదిలోకి, అక్కణ్ణించి మళ్ళీ వార్డులోకి, మూడో అంతస్తు నుంచి ఆపరేషన్ థియేటరుకి, మత్తు వదలని మనిషిని మళ్ళీ పైకి. ఏ మలుపు దగ్గర నేల వాలుగా ఉంటుందో, ఏ లిఫ్టు గడప దగ్గర చక్రం తట్టుకుంటుందో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. బండి ముందు చక్రాల్లో ఒకటి ఎడమకి లాగేది. దాన్ని బాగుచేయించమని అతను ఎవర్నీ అడగలేదు. కుడిచేత్తో కాస్త ఎక్కువ బలం పెట్టి తోసేవాడు, అంతే.

అడగకపోవడం అతని స్వభావం. నోట్లో నాలుక లేని మనిషి అనేవారు. రోగి బంధువులు పక్కనే నడుస్తూ "బాగానే ఉంటుందంటారా అన్నా?" అని అడిగితే తల ఊపేవాడు. అటా ఇటా అన్నది వాళ్ళే అర్థం చేసుకోవాలి.

పంక్చర్ల షాపు మీద ఒక గదిలో ఉండేవాడు. బయట నుంచి ఇనుప మెట్లు. గదిలో ఒక మంచం, ఒక బల్ల, గ్యాసు పొయ్యి, గోడకి కొట్టిన మేకులకి రెండు చొక్కాలు. కిటికీ తెరిస్తే అవతలి గోడౌను గోడ. కంచాలు రెండున్నాయి గానీ తడిసేది ఒకటే.

పెళ్ళయినవాడే. ఎనిమిదేళ్ళ కిందట భార్య వాళ్ళ అక్కకి కడుపులో గడ్డ తీశారు. పది రోజులు తోడుంటానని భార్య అక్క ఊరు వెళ్ళింది. పది రోజులు నెలయింది. నెల తర్వాత ఫోను చేసి, అక్క ఇంకా కోలుకోలేదు అంది. అతను "సరే" అన్నాడు. మరో రెండు నెలలకి, ఇక్కడే కుట్టుపని దొరికింది అంది. అతను మళ్ళీ "సరే" అన్నాడు. గొడవ లేదు, పంచాయితీ లేదు. నీళ్ళు ఇంకిపోయినట్టు ఆ కాపురం అలా ఇంకిపోయింది. పిల్లల్లేరు. ఎవరైనా అడిగితే "వాళ్ళ అక్క దగ్గరుంది" అనేవాడు, నిన్ననే వెళ్ళినట్టు.

అతనికి యాభై రెండేళ్ళు వచ్చిన ఏడాది ఆసుపత్రికి ఒక ఫిన్లాండు పెద్దాయన వచ్చాడు. ఊరి బయట కాగితం మిల్లులో కొత్త మిషను బిగించడానికి వచ్చిన ఫిట్టరు. అరవై దాటిన మనిషి, తలుపు చట్రమంత ఎత్తు. గెస్ట్‌హౌసు స్నానాల గదిలో పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. ప్రాణం గట్టెక్కింది కానీ మాట దెబ్బతింది. అంతకుముందు ఇంగ్లీషు బాగానే మాట్లాడేవాడట. మెలకువ వచ్చాక చూస్తే ఇంగ్లీషు మొత్తం పోయింది, పుట్టినప్పటి భాష మాత్రం ముక్కలు ముక్కలుగా మిగిలింది. అలా జరుగుతుందని డాక్టరు చెప్పాడు. ఆయనకి భార్య లేదు, ఒక్కతే కూతురు. ఆ అమ్మాయికి ఏడో నెల. కదలకూడదని అక్కడి డాక్టర్లు మంచానికి కట్టేసినంత పని చేశారు. రోజూ మధ్యాహ్నం ఫోనులో కనిపించేది.

పెద్దాయనకి భయం ఎక్కువైంది. ఎవరు ఎత్తబోయినా ఎడమచేత్తో నెట్టేసేవాడు. ఇద్దరు నర్సులకి చేతులు కమిలాయి. హెడ్ సిస్టరు బండాయనని పిలిచింది.

"బండన్నా, పద్నాలుగో నంబరాయన్ని రోజూ పదింటికి ఫిజియో గదికి తీసుకెళ్ళాలి. మనం చెప్పేది ఆయనకి ఎక్కదు, ఆయన చెప్పేది మనకి ఎక్కదు. నువ్వెలాగూ మాటల్లేకుండానే పని కానిస్తావు కదా. నువ్వే చూసుకో."

మిల్లు నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు. కంప్యూటరులో వెతికి, తెలుగు అక్షరాల్లో రాసుకొచ్చిన పద్దెనిమిది మాటలు. నీళ్ళు, నొప్పి, మందు, కుర్చీ, పడక. పడక ఎదురుగా "స్యాంక్యూన్" అని ఉంది.

మర్నాడు పదింటికి బండాయన చక్రాల కుర్చీని మంచం పక్కన పెట్టి, పెద్దాయన భుజం కింద చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టాడు. ఇక పడక దిగాలని చెప్పాలి. కాగితం చూసి "స్యాంక్యూన్" అన్నాడు. పెద్దాయన అతని మొహంలోకి చూసి, బుద్ధిగా వెనక్కి వాలి పడుకున్నాడు. మళ్ళీ లేపాడు. మళ్ళీ "స్యాంక్యూన్" అన్నాడు. పెద్దాయన మళ్ళీ పడుకున్నాడు. మూడోసారి బండాయన కాస్త గట్టిగా అనేసరికి ఆయన పడుకోవడమే కాదు, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. ఫిజియో అమ్మాయి గుమ్మంలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాబాయ్, మీరేదో ఆయన్ని పడుకోమంటున్నట్టున్నారు."

"పడక అన్నానమ్మా, అంతే."

ఆ మధ్యాహ్నం కూతురు ఫోను చేసినప్పుడు ఫిజియో అమ్మాయి ఇంగ్లీషులో ఈ సంగతి చెప్పింది. అవతలి పిల్ల నవ్వి, ఆ నవ్వులోనే కాస్త ఏడ్చింది. కాగితంలో రాసింది వట్టి పడక కాదట. "పడకలోకి" అని అర్థమట. దిగమనాలంటే "స్యాంగుస్త" అనాలట, "పడకలోంచి" అని. పడకలో ఉంటే "స్యాంగుస్స". వాళ్ళకి మంచం మీద పడుకోవడం లేదు, మంచంలో పడుకోవడమే.

మర్నాడు బండాయన "స్యాంగుస్త" అన్నాడు. పెద్దాయన ఎడమకాలు తనంతట తాను కిందికి దించాడు. తర్వాత "తువోలీన్", అంటే కుర్చీలోకి. బరువంతా బండాయన మెడ మీద వేసి, లేచి, తిరిగి, కుర్చీలో కూర్చున్నాడు. ఎవర్నీ నెట్టలేదు. భయం కత్తి గురించో సూది గురించో కాదని బండాయనకి అప్పుడు తెలిసింది. తనని ఎక్కడికి తీసుకుపోతున్నారో తెలియకపోవడమే ఆ మనిషి భయం. బండి మీద పడుకున్న ప్రతివాడికీ అదే భయమేమోనని ఇరవై ఆరేళ్ళ తర్వాత మొదటిసారి అనిపించింది.

అసలు చదువు మొదలుపెట్టింది పెద్దాయనే. ఒకరోజు మందులు మింగాక ప్లాస్టిక్ కప్పుని బల్ల మీద పెట్టి, ట్రేలోంచి దూది ఉండ ఒకటి తీశాడు. దాన్ని కప్పులో వేస్తూ "కుప్పీన్" అన్నాడు. లోపలున్న దూదిని వేలితో చూపించి "కుపిస్స" అన్నాడు. బయటికి తీస్తూ "కుపిస్త" అన్నాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ తీశాడు. అరవై దాటిన మనిషి ఎడమచేత్తో, పెదవి ఒక పక్కకి జారిపోతుంటే ఆపుకుంటూ, ఒక్కో మాటకి ఊపిరి పోగుచేసుకుంటూ చెబుతున్నాడు. మాట తనకి తిరిగొచ్చిందో లేదో ఆయన చూసుకుంటున్నాడా, ఎదుటివాడికి నేర్పుతున్నాడా అన్నది తెలియదు. రెండూ ఒకటే అయ్యాయి.

బండాయన దూది ఉండ తన చేతిలోకి తీసుకున్నాడు. కప్పులో వేసి "కప్పులోకి" అన్నాడు. "కప్పులో" అన్నాడు. తీసి, "కప్పులోంచి" అన్నాడు. అని, ఆగిపోయాడు. తన నోటి నుంచి వచ్చిన మూడు మాటల్నీ తనే విన్నాడు. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషలో ఇలాంటి అరలున్నాయని ఎప్పుడూ తెరిచి చూడలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో గళ్ళ నోటుపుస్తకం ఒకటి కొన్నాడు. బల్ల ముందు కూర్చుని రెండు వరసలు గీశాడు. పై వరసలో లో, లోంచి, లోకి. కింది వరసలో మీద, మీంచి, మీదికి. వాటి కింద ఆ దేశపు మాటలు, తన చెవికి వినిపించినట్టు. లోపలి వాటికి స్స, స్త, సాగదీసి న్. పైవాటికి ల్ల, ల్త, ల్లే. ఆరు గళ్ళు. కప్పు లోపల ఉన్నప్పుడు "కుప్పి"లో ఒక ప ఎందుకు రాలిపోతుందో, లోపలికి వెళ్ళేటప్పుడు అది మళ్ళీ ఎందుకు వస్తుందో అతనికి అంతుపట్టలేదు. దానికి పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. అన్నిటికన్నా అతనికి నచ్చినవి ప్రశ్నలు. మిస్స అంటే ఎక్కడ. మిస్త అంటే ఎక్కణ్ణించి. మిహిన్ అంటే ఎక్కడికి. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం ఆ మూడు ముక్కల్లో పట్టేసింది.

అప్పట్నుంచి పదింటి ప్రయాణం ఒక పాఠమైంది. కుర్చీ కదలగానే పెద్దాయన "మిహిన్?" అనేవాడు. బండాయన జవాబు చెప్పేవాడు. లిఫ్టులోకి. లిఫ్టులోంచి. వరండా మీదికి. తప్పయితే పెద్దాయన ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు తట్టేవాడు. సరైతే ఏమీ అనేవాడు కాదు. నవ్వు ఆ మొహంలో సగానికే వచ్చేది.

ఒకరోజు ఉదయం పెద్దాయన కళ్ళు తెరిచే ఉన్నా "స్యాంగుస్త" అంటే కదలలేదు. కిటికీ వైపు చూస్తూ ఒక కొత్త వాక్యం అన్నాడు. "మినుల్ల ఓన్ ఇకావ కోతీన్." బండాయనకి మొదటి రెండు మాటలు తెలుసు. దాహమైనప్పుడు ఆయన అలాగే మొదలుపెట్టేవాడు. "నా మీద ఉంది" అని. దాహం ఆయన మీద ఉండేది, నొప్పి ఆయన మీద ఉండేది. మూడోదీ నాలుగోదీ కాగితంలో లేవు. నీళ్ళిచ్చాడు, వద్దన్నాడు. దిండు సర్దాడు, అదీ కాదు. మధ్యాహ్నం దాకా ఆ మాటల్ని నోట్లోనే తిప్పుకుంటూ తిరిగి, ఫోను వచ్చినప్పుడు ఫిజియో అమ్మాయి చేత అడిగించాడు. అవతల కూతురు మెల్లగా చెప్పింది.

"దిగులట బాబాయ్," అంది ఫిజియో అమ్మాయి. "ఇల్లు గుర్తొచ్చి దిగులుగా ఉందంటున్నారట."

"బెంగమ్మా. దిగులు కాదు, బెంగ."

ఇకావ అంటే బెంగ, కోతీన్ అంటే ఇంటికి అని నోటుపుస్తకంలో రాసుకుని, చాలాసేపు ఆ వాక్యాన్నే చూశాడు. మనవాళ్ళు ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడంటారు. బెంగ ఎక్కడో ఉన్న ఇంటి మీద ఉంటుంది. వీళ్ళకి బెంగ మనిషి మీదే కూర్చుంటుంది, మొహం మాత్రం ఇంటివైపు పెట్టుకుని. ఏది నిజమో అతను తేల్చుకోలేకపోయాడు. తన గది మెట్లెక్కుతున్నప్పుడు భుజాల మీద బరువుండేదే గానీ, అది ఏ వైపుకి తిరిగి ఉందో ఎప్పుడూ చూడలేదు.

ఆరో వారంలో కళ్ళజోడు సంగతి జరిగింది. పెద్దాయన చొక్కా జేబు తడుముకుని "ఇక్కునల్లే" అన్నాడు. కిటికీ మీదికి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళమంటున్నాడని బండాయన కుర్చీని వార్డు కిటికీ దగ్గరికి తోశాడు. కుర్చీ చెయ్యి మీద రెండు దెబ్బలు. రెండో కిటికీ దగ్గరికి తోశాడు. మళ్ళీ రెండు దెబ్బలు. వార్డులో ఉన్న నాలుగు కిటికీలూ చూపించాక, ఫిజియో అమ్మాయి పైనుంచి కళ్ళజోడు పట్టుకుని వచ్చింది. ఫిజియో గది కిటికీ మీద మర్చిపోయాడు. "కిటికీ మీద మర్చిపోయాను" అనకుండా "కిటికీ మీదికి మర్చిపోయాను" అన్నాడన్నమాట.

"అదేం వరసట, అడగమ్మా" అన్నాడు బండాయన. అతను ఎవర్నైనా ఏదైనా అడగమనడం హెడ్ సిస్టరు వినడం అదే మొదటిసారి.

ఫిజియో అమ్మాయి ఫోనులో అడిగి, విని, చెప్పింది. "వాళ్ళ భాషలో మర్చిపోతే వస్తువు అక్కడికి వెళ్ళినట్టేనట బాబాయ్. ఎవరైనా ఎక్కడైనా ఉండిపోయినా అంతేనట. ఇంట్లో ఉండిపోయాను అనరట, ఇంట్లోకి ఉండిపోయాను అంటారట. చనిపోయినా అంతే. ఫలానా చోటికి చనిపోయాడు అంటారట. విచిత్రంగా లేదూ?"

బండాయన పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. "మర్చిపోవడం," అన్నాడు. "ఉండిపోవడం. చనిపోవడం." తర్వాత, "మనకీ ఉందమ్మా అందులో పోవడం" అన్నాడు.

ఆ అమ్మాయికి ఒక్క క్షణం అర్థం కాలేదు. పెదాలతో మూడు మాటల్నీ అనుకుని చూసింది. "అవును బాబాయ్. ఉంది."

ఆ సాయంత్రం అతను ఇంటికి నడిచే వెళ్ళాడు. ఎనిమిదేళ్ళుగా భార్య అక్క ఇంట్లో ఉందనే అనుకుంటూ వచ్చాడు. బల్ల గదిలో ఉన్నట్టు, మంచం గోడ పక్కన ఉన్నట్టు, ఉంది. ఉన్నదాన్ని ఏం చేస్తాం. కానీ ఆమె ఉండలేదు, ఉండిపోయింది. ఆ పది రోజుల్లోనో, ఆ నెలలోనో, తను సరే అన్న ఆ రెండు ఫోన్లలోనో ఆమె ఇంకా పోతూనే ఉంది. పోతున్నవాళ్ళని వెనక్కి పిలవచ్చు. ఆ సంగతి తనకి తెలియలేదు.

ఏడో వారం చివర మిల్లువాళ్ళు ప్రయాణం ఏర్పాటు చేశారు. తోడుగా ఒక నర్సు, వెంట ఆక్సిజను సిలిండరు. కూతురికి ఆడపిల్ల పుట్టి నాలుగు రోజులైంది. బండాయన పెద్దాయన్ని పడకలోంచి బండి మీదికి, బండి మీద లిఫ్టులోకి, లిఫ్టులోంచి వాకిట్లోకి తెచ్చాడు. అంబులెన్సు దగ్గర ఆగినప్పుడు పెద్దాయన అలవాటుగా "మిహిన్?" అన్నాడు.

"కోతీన్" అన్నాడు బండాయన. ఇంటికి.

పెద్దాయన ఎడమచెయ్యి బండి కమ్మీ మీద ఉంది. అది తట్టలేదు. తలుపులు మూసుకున్నాయి. బండి ఖాళీ అయ్యాక చక్రం ఎడమకి ఇంకా ఎక్కువగా లాగింది. తిరిగి పైకి వెళ్ళేసరికి పద్నాలుగో నంబరు మంచం మీద కొత్త దుప్పటి వేసేశారు.

అప్పుడు మొదలైంది అసలు కష్టం. వంట బాగా వచ్చాక తినేవాళ్ళు లేనట్టయింది. నోటుపుస్తకంలో నూట పద్నాలుగు మాటలు. అవి నోట్లో ఊరుకోవు. ఖాళీ బండి తోస్తూ, లిఫ్టు కోసం ఎదురుచూస్తూ గొణిగేవాడు. మత్తులో ఉన్న రోగుల చెవి దగ్గర ఎక్కడికి తీసుకెళుతున్నాడో రెండు భాషల్లో చెప్పేవాడు. మెలకువగా ఉన్న రోగులు కొందరు బెదిరిపోయేవారు. బండాయనకి ఏదో గాలి సోకిందని థియేటరు వాళ్ళు అనుకున్నారు. మాట్లాడని మనిషి మాట్లాడటం మొదలుపెడితే లోకానికి మాట్లాడే మనిషి మూగబోయినదాని కంటే ఎక్కువ భయం.

రెండు నెలల తర్వాత ఫిజియో అమ్మాయి మెట్ల దగ్గర ఆపింది. "బాబాయ్, ఆయన కూతురు రాసింది. ఇంట్లో ఉన్నారట గానీ ఎవరితోనూ మాట్లాడట్లేదట. మన ఆసుపత్రి ఫోటో చూపిస్తే 'మిహిన్' అన్నారట. ఆదివారాలు ఒక పది నిమిషాలు మీరు ఫోనులో మాట్లాడతారా అని అడుగుతోంది."

"నేనేం మాట్లాడతానమ్మా. నాకు కప్పులూ మంచాలే వచ్చు."

"ఆయనకీ అంతేనట."

అలా ఆదివారం నాలుగింటికి ఫోను మోగడం మొదలైంది. ఫోనుని అన్నం గిన్నెకి ఆనించి పెట్టుకునేవాడు. అవతల మంచు వెలుతురులో ఒక వంటిల్లు. పెద్దాయన కుర్చీలో. ఎక్కడున్నావు? కుర్చీలో. కప్పు ఎక్కడ? బల్ల మీద. పాప ఎక్కడ? ఒళ్ళో. చొక్కా ఎక్కడ? మేకుకి ఉంది, దానికి ఏ గడి వాడాలో తెలీదు. ఎక్కణ్ణించి వచ్చావు? పనిలోంచి. అంతే సంభాషణ. ఒక్కోసారి రెండు ప్రశ్నల మధ్య ఇద్దరూ ఊరికే కూర్చునేవారు. తన గదిలో ఏది ఎక్కడుందో ఒక మనిషి అడుగుతాడని బండాయన ఆదివారం పొద్దున్నే గది సర్దేవాడు.

ఈలోగా గాలి సోకిన కబురు ఆ నోటా ఈ నోటా భార్య ఊరు చేరింది. ఆమె ఫోను చేసింది. "ఒంట్లో బాగుందా?" అంది. "బాగుంది" అన్నాడు. సరే అని పెట్టేయబోయి ఆగాడు. "వచ్చి చూడనా ఒకసారి?" అన్నాడు. ఆమె "రా" అంది.

బస్సులో నాలుగు గంటలు. ఆమె అక్క ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పక్కన నీలంరంగు స్కూలు చొక్కాలు గుట్టగా ఉన్నాయి. ఆమెకి జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. నీళ్ళిచ్చింది. అక్క పలకరించి లోపలికి వెళ్ళింది.

"ఏదో భాష మాట్లాడుతున్నావంటగా, నీలో నువ్వే."

అతను నోటుపుస్తకం తీసి చూపించాడు. పెద్దాయన గురించి చెప్పాడు. దూది ఉండ గురించి, కళ్ళజోడు గురించి, బెంగ మనిషి మీద ఉండటం గురించి చెప్పాడు. చెబుతూనే ఉన్నాడు. ఆమె చేతిలో చొక్కా కాలరు పట్టుకుని, సూది గుచ్చడం మానేసి వింది. అతను ఆగాక అడిగింది.

"ఆయనతో ఎన్నాళ్ళు మాట్లాడావు?"

"ఏడు వారాలు. ఇప్పుడు ఆదివారాలు."

"పదిహేడేళ్ళు కాపురం చేశాం. నాతో ఇన్ని మాటలు ఎప్పుడైనా మాట్లాడావా?" కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "రమ్మంటావని ఒక సంవత్సరం చూశాను. ఆ మాట నీకు తెలుగులో రాకపోయె."

అతను తల వంచుకున్నాడు. "ఇప్పుడంటే?"

ఆమె కాలరుని మిషను కింద పెట్టింది. "ఇప్పుడు నాకిక్కడ పనుంది. అక్కకి నేనున్నాను. నువ్వు అడిగావు, చాలు." కాసేపటికి, "భోజనం చేసి వెళ్ళు" అంది.

చేసే వెళ్ళాడు. బస్టాండు దాకా ఆమె తోడు వచ్చింది. బస్సు కదిలాక కూడా నిలబడింది, మలుపు తిరిగే దాకా.

ఆ ఆదివారం పెద్దాయన "మిస్త?" అన్నాడు. ఎక్కణ్ణించి వచ్చావని. బండాయన నాలుగైదు మాటలు వరసలో పెట్టుకున్నాడు. నా భార్య. అక్క ఇంట్లోకి. ఉండిపోయింది. దిక్కు తప్పకుండా, చివర సాగదీసి చెప్పాడు. పెద్దాయన ముందుకి వంగి, సగం మొహం తెరనిండా వచ్చేలా వంగి, "ఇకావ?" అన్నాడు.

"మినుల్ల ఓన్" అన్నాడు బండాయన. నా మీద ఉంది. తెలుగులో అతను ఆ మాట ఏ మనిషితోనూ అనలేదు.

చలికాలం గడిచింది. ఒక మంగళవారం, పని మధ్యలో, ఫోనుకి పెద్దాయన కూతురి నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక చిన్న సందేశం వచ్చింది. లిఫ్టు పక్కన నిలబడి కూడబలుక్కుని చదివాడు. "ఇస కువోలి కోతీన్." నాన్న, చనిపోయాడు, ఇంటికి. తప్పు చదివానేమోనని చివరి అక్షరం మళ్ళీ చూశాడు. ఆసుపత్రికి కాదు. ఇంటికే. బండి మీదున్న రోగి "ఏమైంది?" అని అడిగాడు. "మా పెద్దాయన" అని మాత్రం అని, థియేటరులోకి తోశాడు. రోగికి ఎక్కడికి వెళుతున్నాడో చెప్పడం మర్చిపోలేదు.

తర్వాతి ఆదివారం నాలుగింటికి ఫోను మోగలేదు. దాని తర్వాతిదీ మోగలేదు. అతను గది సర్దుకుని కూర్చుని, ఐదయ్యాక లేచి కూరగాయలకి వెళ్ళేవాడు. ఐదో ఆదివారం మోగింది. పెద్దాయన కూతురు. ఒళ్ళో పాప నిద్రపోతోంది. ఆమె వెనక అదే వంటిల్లు, కుర్చీ మాత్రం గోడ వైపుకి జరిపి ఉంది. పక్కన ఎవరూ లేరు. ఇంగ్లీషు అతనికి రాదని ఆమెకి తెలుసు. తన భాషలోనే మొదలుపెట్టింది, మొదట నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి. రెండు వాక్యాల తర్వాత ఆ జాగ్రత్త పోయింది. వేగం అందుకుంది. వాళ్ళ నాన్న చివరి రోజుల గురించి చెబుతోందో, పాప గురించో, పాప తండ్రి గురించో. అతనికి పది మాటల్లో ఒకటి కూడా అందడం లేదు. చివర్లు మాత్రం అందుతున్నాయి. ఎవరో ఎక్కణ్ణించో వెళ్ళారు. ఏదో ఎక్కడికో వచ్చింది. ఏదో ఆమె మీద ఉంది, చాలాసార్లు ఉంది. ఏమిటన్నది తెలీదు.

ఆపమని అనలేదు. అర్థం కావట్లేదని చెప్పలేదు. పెద్దాయన అనే ఒక చిన్న మాట ఉండేది, ఊఁ కొట్టడానికి, "నీన్" అని. ఆమె ఊపిరి తీసుకున్న చోటల్లా అది అన్నాడు. పొయ్యి మీద టీ నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి. ఆమె కళ్ళు తుడుచుకుని, ఇంకా ఏదో చెబుతోంది. అతను చెయ్యి చాచి, చూపు తెర మీంచి తిప్పకుండానే, మంట తగ్గించాడు.